కులాన్ని కొలిచే చోట మనమూ ఉండాలి

ఎంపీసీ చదివే మన పిల్లలకు సీఎస్‌ఈ తప్ప ఇంకో దారి చెప్పేవాళ్లు తక్కువ. నేనైతే కోల్‌కతా బరానగర్‌లోని ఐఎస్‌ఐ పేరు చెబుతాను. మహలనోబిస్ 1931లో స్థాపించిన సంస్థ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడికే వెళ్లారు. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో కులాలవారీగా తీసిన శరీర కొలతలను వీళ్లిద్దరూ మజుందార్‌తో కలిసి విశ్లేషించి 1949లో ప్రచురించారు. అంతకు ఏడాది ముందే అంబేడ్కర్, ఎవరో తీసిన ముక్కు కొలతల పట్టికలతోనే, అంటరానితనానికి జాతి మూలం కాదని వాదించారు. పట్టిక చదవడం వచ్చినవాడిదే వాదన!

2027 జనాభా లెక్కల్లో కులం నమోదు కానుంది. ఆ అంకెలను ప్రశ్నించడానికి కోడింగ్ ఒక్కటే చాలదు, గణాంకశాస్త్రం కావాలి. బీ.స్టాట్‌కు ట్యూషన్ ఫీజు లేదు, స్టైపెండ్ ఉంది, రిజర్వేషనూ ఉంది. ప్రవేశ పరీక్షే బట్టీకి లొంగదు, రుజువులు రాయాలి. మన గురుకులాల్లో ఆ సాధన ఇంటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి.