గుర్రం ఇసుక మింగితే మనోడి జీతం కట్ చేస్తారా?

కబ్ద్‌లో గుర్రాల కాడ పనిచేసే పిల్లోళ్ళ గురించి రాస్తున్నా. గుర్రానికి కడుపునొప్పి వస్తే "నువ్వు సరిగ్గా చూడలే" అని జీతం కట్. మనోళ్ళు కూడా "వాడు నిద్రపోయింటాడు" అంటారు. సిగ్గుండాల!

ఇసుక మీద గడ్డి వేస్తే గుర్రం ఇసుక ఏరి పక్కన పెట్టి తింటాదా? గడ్డితో పాటు మింగుతాది. అది పెద్దపేగులో పేరుకుంటుంది. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. ఇంక పొర్లుతాది, కాలితో నేల తవ్వుతాది, తిరిగి తిరిగి కడుపు చూసుకుంటాది. అప్పుడు మేత తీసేసి డాక్టర్ని పిలవమనాల. నూనె, సోడా నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే చస్తాది.

బిల్డింగ్ పనిలో ఇసుకలో మట్టి ఎంతుందో సీసాలో నీళ్ళు పోసి ఊపి చూస్తాం కదా, ఇదీ అంతే. నేల తగలని లద్దె నాలుగైదు ఉండలు నీళ్ళలో కలిపి కాసేపు ఉంచండి. అడుగున ఇసుక దిగితే ఫోటో తీసి కఫీల్‌కి పంపండి. (దిగకపోతే కడుపులో లేదని కాదు.) తొట్టి, కింద రబ్బరు మ్యాట్ అడగండి. ఇసబ్గోల్ ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాల.

వేల దినార్లు పెట్టి గుర్రం కొన్నోడికి తొట్టి కొనడానికి చెయ్యి రాదు, మనోడి జీతం కొయ్యడానికి మాత్రం వస్తాది. ముందు ఆ గడ్డి నేల మీద వెయ్యమన్నదెవరో చెప్పమనండి.