అనపగింజలు వలిచిన మధ్యాహ్నం

ప్రతి సంచికకీ ఆఖరి ప్రూఫులు దిద్దేది ఆమే. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఎర్ర పెన్నుతో దిద్దుతూ, మంచి తప్పు దొరికితే ఇల్లెగిరిపోయేలా నవ్వేది. ఈ సంచిక ప్రూఫులు నా ముందున్నాయి. ఆమె లేదు. మూడు నెలల కిందట రొమ్ము కేన్సర్‌తో చనిపోయింది. పేరు రాయడం లేదు. రాస్తే ఊరుకునే మనిషి కాదు. మీలో చాలామందికి ఆమె తెలుసు.

మేం కలిసింది 1992లో, నెల్లూరు జిల్లాలో. అక్షరాస్యతా తరగతుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి ఊరూరా పాకుతున్న రోజులు. రాత్రిళ్లు బడి వరండాల్లో పడుకునేవాళ్లం. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ జనవరి రోజున కూడా నేను కరపత్రం రాస్తూ కూర్చున్నాను. అమలు ఎట్లా, దొంగసారాని పట్టేదెవరు... అన్నీ నా బెంగలే. ఆమె వచ్చి పెన్ను లాక్కుంది. “రేపటిది రేపు రాద్దువులే అక్కా. ఈ పూట పాయసం తాగుదాం రా” అంది. నాకు కోపం వచ్చింది, బాధ్యత లేని మాట అనిపించింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. నా కరపత్రం ఏమైందో నాకే తెలీదు. ఇత్తడి గిన్నె చుట్టూ కూర్చున్న ఆ పదిహేను మంది మొహాలు మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

‘ఈ క్షణంలో బతకండి’ అనే మాటంటే నాకు మొదట్నించీ అనుమానమే. రేపటి కూలికి భరోసా లేని మనిషికి ఆ మాట చెప్పడం ఎకసెక్కమే అవుతుంది. పైగా ఆమె కూడా తన ఒంటి దగ్గరికొచ్చేసరికి రేపు, రేపు అంటూనే గడిపింది. గడ్డ చేతికి తగిలిన ఆరు నెలలకి గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఒకసారి శిక్షణా తరగతులు, ఒకసారి ధర్నా, ఒకసారి ఎవరిదో పంచాయితీ. “మార్చి ఎనిమిది అయిపోనీ” అంది. సరేనన్నాం మేమూ. మా పద్దుల్లో బస్సు చార్జీలకి, బ్యానర్లకి, భోజనాలకి గడులున్నాయి. కార్యకర్త ఆరోగ్యానికి గడి లేదు. ఆ రోజు నా పెన్ను లాక్కున్న మనిషి చేతిలోంచి ఆ డైరీని మేమెందుకు లాక్కోలేదు?

మొన్నటి చలికాలంలో చూడ్డానికి వెళ్లాను. అంతకుముందు నాలుగు ఆదివారాలు ‘వచ్చే వారం తప్పకుండా’ అని చెప్పి వెళ్లలేదు. కూర్చున్నానో లేదో ఫోను మోగింది. “దాన్ని సంచిలో పెట్టక్కా, ఈ కాయలు వలుద్దాం” అంది. ఒళ్లో చాట, చాటలో అనపకాయలు. ఆమె వేళ్లలో పట్టు లేదు. నేను పది కాయలు వలిచేలోగా ఒకటి వలిచేది. రెండు గంటలు ఉద్యమం గురించి గానీ, జబ్బు గురించి గానీ మాట్లాడుకోలేదు. చేతులకి గింజల పచ్చివాసన, పక్కింటివాళ్ల గేదె అరుపు, మధ్యమధ్యలో ఏదో పాత పాట మాట మరిచిపోయి వెతుక్కోవడం. రాత్రి ఆ గింజల కూరే తిన్నాం. ఉప్పెక్కువైంది. అదే ఆఖరిసారి కలవడం.

ఆమె పోయాక నా పనితీరులో ఒకటి మారింది. సలహా కేంద్రానికి వచ్చిన స్త్రీ చెబుతుంటే, ఇదివరకు నా చెయ్యి గృహహింస నివేదిక ఫారం నింపుతూ ఉండేది. 2005 చట్టం కింద అది ముఖ్యమైన కాగితమే, కాదనను. కానీ ఇప్పుడు పెన్ను పక్కనపెట్టి, ముందు చివరిదాకా వింటున్నాను. మొన్నొకామె భర్త కొట్టిన సంగతి చెప్పేముందు, చచ్చిపోయిన తన లేగదూడ గురించి అరగంట ఏడ్చింది. ఫారంలో దానికి గడి లేదు. ఇదివరకైతే మధ్యలోనే ఆపేసేదాన్ని.

కార్యకర్తల వైద్య పరీక్షలకి ఈ ఏడు పద్దు రాశాం. నెలలో ఒక ఆదివారం మీటింగులు పెట్టకూడదనీ అనుకున్నాం. మొదటి నెలే తప్పాం. మీ సంస్థల్లో ఏం చేస్తున్నారో రాయండి.

ప్రూఫులు ఈసారి నేనే దిద్దాను. పన్నెండో పేజీలో ‘మహిళల హక్కులు’ కాస్తా ‘మహిళల ముక్కులు’ అయింది. ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వాను.