ఇల్లు, ఆరోగ్యం వేరు కావు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో బీడీలు చుట్టి సంసారాన్ని నెట్టుకొస్తున్న మహిళలెందరో ఉన్నారు. వారిలో మన అక్కచెల్లెళ్లూ ఉన్నారు. వారికి ఇల్లు నివాసమే కాదు, కార్ఖానా కూడా. తంబాకు చాట, వంట పొయ్యి, పసిబిడ్డ పక్క ఒకే గదిలో ఉంటాయి. కిటికీ లేని కిరాయి గదిలో పొగాకు ధూళి బయటకు పోయే దారి ఉండదు. నల్లా రోజూ రాని మొహల్లాలో డ్రమ్ములలో నిలవ ఉంచిన మంచినీటిలోనే డెంగీ దోమ పుడుతుంది. కనుక ఇంటిని ఒక ఫైలులో, ఆరోగ్యాన్ని మరో ఫైలులో ఉంచితే ఏదీ పరిష్కారం కాదు.

ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన పట్టణ ప్రగతి పారిశుద్ధ్యాన్ని మున్సిపాలిటీల ముందు ప్రధాన కర్తవ్యంగా ఉంచింది. సిరిసిల్ల పేదల కోసం మండేపల్లిలో కట్టిన 1,320 డబుల్ బెడ్‌రూం ఇళ్లు 2021 జులైలో ప్రారంభమయ్యాయి. జగిత్యాల పేదలకు నూకపల్లిలో కాలనీ వెలసింది. ఈ కృషిని మనస్ఫూర్తిగా గుర్తిద్దాం.

అయితే 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం పట్టణాల కోటాలో ఈ ఇళ్లలో 12 శాతం మైనారిటీలకు దక్కాలి. మండేపల్లికి ఈ లెక్క వేస్తే 158 ఇళ్లు. వాస్తవంగా ఎన్ని కుటుంబాల చేతికి తాళంచెవులు అందాయి? సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే దరఖాస్తు పెట్టండి. 30 రోజులలో జవాబివ్వడం అధికారుల విధి.

2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. కానీ మొదటి విడత సొంత జాగా ఉన్నవారికే పరిమితమైంది. కోరుట్లలో కిరాయి గదిలో బీడీలు చుట్టే తల్లికి జాగా ఎక్కడిది? జాగా లేనివారి జాబితాను వార్డులవారీగా తయారుచేసి ప్రభుత్వం ముందుంచడం పాలకవర్గాలు చేయవలసిన మొదటి పని.

2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకు 4 కమిటీలను నిర్దేశించింది. వాటిలో ఒకటి మహిళలది. మోరీ ఎక్కడ పొంగుతుందో, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందో బాగా ఎరిగినవారు మన గృహిణులే. వారి పేర్లను ఆ కమిటీలకు ప్రతిపాదించే బాధ్యతను మసీదు కమిటీలు, యువజన సంఘాలు స్వీకరించాలి.

పరిశుభ్రతను విశ్వాసంలో భాగంగా ఎంచే సమాజం మురికి కాలువ పక్కన బ్రతకడాన్ని నుదుటి రాతగా సరిపెట్టుకోరాదు. మనం అడుగుతున్నది దయాభిక్ష కాదు, ఉత్తర్వులలో రాసి ఉన్న హక్కు.