టోపీబిళ్లల సాక్ష్యము

ఆంగ్లప్రభుత్వకాలపు ఫిరంగిదళముల టోపీబిళ్లలను సేకరించు వేడుక మన పట్టణములందును కొందఱికి కలదు. పరప్రభుత్వపు కిరీటచిహ్నమును భారతీయుడు భద్రపఱచుట తగునా యని కొందఱు మిత్రులు ఆక్షేపించుచున్నారు. తగుననియే మా యభిప్రాయము. కాని దానికొక పద్ధతి యుండవలెను.

రాయల్ ఆర్టిలరీ బిళ్లను చేతబట్టి చూడుడు. నడుమ ఫిరంగి, పైన కిరీటము, దానిక్రింద 'యుబీక్' అను లాటిను పదము. 'అంతటను' అని దాని యర్థము. 1832లో నాలుగవ విలియము రాజు ఆ పదమును ఆ దళమున కొసగెను. ఎలిజబెత్తు రాణి కిరీటపు కమానులు నడుమ క్రుంగియుండును. ఆమె కిరీటముగల బిళ్ల ఆమె రాజ్యకాలమునకు పూర్వపుది కానేరదు. దానిని పరపాలనకాలపుదని విక్రయించుట మోసము.

'అంతటను' అను నా మాటలో మనకు చోటెంత? 1857 తిరుగుబాటు పిమ్మట ప్రభుత్వము ఫిరంగులను భారతీయులచేతినుండి తొలగించెను. విడదీసి కంచరగాడిదలపై మోయించు చిన్న ఫిరంగుల కొండదళములే ముఖ్యముగా మనవారికి మిగిలెను. 1935 జనవరి 15వ తేదీన బెంగుళూరులో భారతీయ క్షేత్ర ఫిరంగిదళము ఏర్పడువఱకు నీ యవిశ్వాసము సాగెను. స్వాతంత్ర్యానంతరము మన ఫిరంగిదళపు బిళ్లపై కిరీటము పోయి నక్షత్రము వచ్చెను. 'యుబీక్' పోయి 'సర్వత్ర' వచ్చెను. పాతబిళ్ల యెదుట లేనిచో నీ మార్పు విలువ మన బాలురకు తెలియుటెట్లు?

ఇటీవల నొక పాతసామానుల యంగడిలో నట్టి బిళ్ల నొకదానిని చూచితిని. ఇది యెవరిదని యడుగగా వర్తకుడు తూకము చెప్పెను, ధర చెప్పెను, పేరు చెప్పలేకపోయెను. ఎవరియొద్దనుండి వచ్చినదో తెలియని వస్తువునకు న్యాయస్థానమున సాక్ష్యబల మల్పము. చరిత్రయందును నంతియే. దానిని ధరించినవాడు ఏ యూరివాడో, ఏ దళమున పనిచేసెనో, తిరిగివచ్చెనో లేదో, ఆ వృత్తాంతమంతయు నశించినది. ఇత్తడి మాత్రము మిగిలినది.

1962 మొదలు గోలకొండయందు ఫిరంగిదళ శిక్షణకేంద్రము కలదు. సైనికులుగల కుటుంబములు మనలో తక్కువగా లేవు. అట్టివారికి మా మనవి: తాతలనాటి బిళ్లను తూకమునకు అమ్మకుడు. సేకరించువారికి మా మనవి: కొనినపుడు ధరకంటె ముందు పేరు వ్రాసికొనుడు. ప్రతి పఠనాలయమునందును ఇందుకొఱకు నొక పుస్తకముంచిన చాలును. ఖర్చు స్వల్పము, ఆలస్యము చేసితిమా, చెప్పువా రుండరు.