ఫిజీలో భూమి, జాతి, అధికారము

1987వ సంవత్సరము మే 14వ తేదీన పసిఫిక్ మహాసముద్రమందలి ఫిజీద్వీపములలో లెఫ్టినెంటు కర్నల్ రబూకా సైనికులతో పార్లమెంటు భవనమున ప్రవేశించి, ప్రజలెన్నుకొనిన ప్రభుత్వమును కూలద్రోసెను. పదచ్యుతుడైన ప్రధాని డాక్టరు బవద్రా స్వయముగా ఫిజీజాతివాడే. అయినను ఆయన పక్షము భారత సంతతివారి వోట్లపై నిలిచినదను నెపము చాలెను. ఆ రబూకాయే 2022 డిసెంబరులో మరల ప్రధాని పదవి నధిష్ఠించి, 2023 మే నెలలో తన పూర్వకృత్యమునకు బహిరంగముగా క్షమాపణ వేడెను. క్షమాపణ శ్లాఘ్యమే. కాని ఆ విద్వేషమునకు బీజము నాటినది రబూకా కాదు. దాని వేళ్లెంత లోతున నున్నవో చూడక కొమ్మలు నరికినంత మాత్రమున ఫలము లేదు.

1874లో ఫిజీ బ్రిటిషువారి వశమయ్యెను. మరుసటి సంవత్సరమే తట్టువ్యాధి సోకి, సుమారు 40,000 మంది ద్వీపవాసులు మరణించిరి. తమ జాతియే నశించునేమో యను భయము వారికి నాడే కలిగెను. గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్ వారి భూములు పరుల కమ్ముడుపోకుండ కట్టుదిట్టము చేసెను. వారిని గ్రామములు విడిపించి తోటలలో కూలికి దింపుటయు తగదనెను. ఇది న్యాయమే. అయితే వలసరాజ్యమునకు ఆదాయము కావలెను. ఆదాయమునకు చెరకు, చెరకునకు కూలీలు కావలెను. ఆ కూలీలను భారతదేశమునుండి తెప్పించిరి. 1879 మొదలు 1916 వరకు సుమారు 60,000 మంది ఐదేండ్ల ఒడంబడికపై ఓడలెక్కిరి. 1903 నుండి మదరాసు రేవునుండియు ఓడలు సాగెను. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా మండలముల తెలుగువా రనేకు లందులోనివారే. పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి. ఆ స్వల్పమైనను నియమిత పని ముగిసినగాని చేతికి రాదు.

ఈ విధముగా భూమి యొకరిది, చెమట యొకరిది యయ్యెను. లాభము మాత్రము మూడవవానిది. ఆ మూడవవాడు ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. 1920 జనవరి 1వ తేదీన ఒడంబడిక దాస్యము రద్దుకాగా, కంపెనీ తన తోటలను పదేసి యెకరముల చొప్పున విభజించి, నిన్నటి కూలీలనే కౌలుదార్లను చేసెను. గానుగ కంపెనీది, కనుక చెరకు ధర నిర్ణయమును కంపెనీదే. పాలకులు వోట్లనుగూడ జాతులవారీగా పంచిరి. 1929లో శాసనసభకు వచ్చిన భారతీయ సభ్యులు ఉమ్మడి వోటర్ల జాబితాను కోరి, అది నిరాకరింపబడగా సభను విడిచిపోయిరి. తుదకు 1970లో లార్డ్ డెన్నింగ్ మధ్యవర్తిత్వపు తీర్పు చెరకు రాబడిలో నూటికి 65 పాళ్లు రైతులకు చెందవలెననగా, కంపెనీ గిట్టుబాటు కాదని 1973 నాటికి తప్పుకొనెను. లాభము మూటగట్టుకొనినవాడు వెడలిపోయెను; వాడు నిలిపిపోయిన ఇరువురును ముఖాముఖి మిగిలిరి.

నేటికిని ఫిజీ భూమిలో నూటికి 80 పాళ్లకుపైగా ఆదిజాతి వంశముల ఉమ్మడి ఆస్తి. 1976 నాటి చట్టము ముప్పదేండ్ల కౌలు నిచ్చి, శిస్తును మెరుగుచేయని భూమి విలువపై నూటికి 6కు పరిమితము చేసెను. ఈ శిస్తు చాలదని భూస్వామి వాదము. గడువు తీరినంతనే వెడలగొట్టినచో మూడు తరముల శ్రమకు విలువయేమని కౌలుదారు వాదము. భూమి నెరిగిన మన పాఠకులకు ఇరువురి మొరయు సుబోధమే. ఈ తగవు మన జిల్లాలలో నైనచో కౌలు తగవనియే పిలువబడును. అచ్చట భూస్వామి యొక జాతి, కౌలుదారు వేరొక జాతి యగుటచే దానికి జాతికలహమను పేరు వచ్చినది. 1997 నుండి పాత కౌళ్ల గడువులు తీరుచు వేలాది కుటుంబములు పొలములు విడువవలసివచ్చెను. ఆ కాలముననే, 1999లో, మహేంద్ర చౌదరి ప్రథమ భారత సంతతి ప్రధాని యయ్యెను. సంవత్సరము నిండగనే, 2000 మే 19వ తేదీన, జార్జి స్పైటు ఆయనను పార్లమెంటులోనే నిర్బంధించెను. ఈ రెండు సంగతులును వేర్వేరని చెప్పువారు చరిత్రను సగమే చదివినవారు.

జాతివైరము సహజమనియు, దానికి మందులేదనియు కొందరందురు. సహజమే యైనచో ఇన్ని శాసనములు చేసి, భూమి వేరు, బడులు వేరు, వోట్లు వేరుగా నుంచవలసిన పనియేమి? ఈ వైరమువలన బాగుపడినవా రెవరు? 1986లో జనసంఖ్యలో సుమారు సగమున్న భారత సంతతివారు 2007 నాటికి నూటికి 37 చిల్లరకు దిగిరి. విద్యావంతులు దేశాంతరముల పాలైరి. కౌలుదారు పోయిన పొలములు పెక్కు బీడుపడెను. బీటి భూమికి శిస్తు నిచ్చువాడెవడు?

2013 నాటి రాజ్యాంగము పౌరులందరకు ఫిజియనులను ఒకే నామము నిచ్చి, జాతులవారీ వోటును తొలగించినది. 2006లో సైనికబలముతో అధికారము గైకొనిన ప్రభుత్వము ప్రసాదించినదను మచ్చ దానికి లేకపోలేదు; అయినను ఆ సూత్రము విడువరానిది. కాని పేరొక్కటి చాలదు. భూమి స్వామ్యము ఆదిజాతివారిదేయని భారత సంతతివారు సందేహింపక యంగీకరింపవలెను. దీర్ఘకాలపు కౌలు, ఇరుపక్షములు సమ్మతించు శిస్తు, గడువు తీరినప్పుడు చేసిన మెరుగులకు పరిహారము, వీనిని ఆదిజాతి నాయకులు చట్టముగా నీయవలెను. 1874లో ముడిపడినది పొలములో. దానిని విప్పవలసినదియు పొలములోనే. క్షమాపణ సభలలో మాత్రమే కాదు.