గుండె బొమ్మ కంటే ముందు ఊరి పేరు

గుండెజబ్బు అనగానే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ గుర్తొస్తాయి. పురుగు కుట్టినా గుండె పాడవుతుందంటే ఓ పట్టాన నమ్మలేం. కానీ మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా జరుగుతున్నది అదే. నల్లిని పోలిన ఓ పురుగు మట్టిగోడల నెర్రెల్లో దాక్కుని, రాత్రిపూట నిద్రపోతున్నవారిని కుడుతుంది. అక్కడే విసర్జిస్తుంది. దురద పుట్టి గోకితే ఆ మలంలోని పరాన్నజీవి ఒంట్లోకి చేరుతుంది. 1909లో బ్రెజిల్‌ వైద్యుడు కార్లోస్‌ షాగస్‌ దీన్ని గుర్తించటంతో షాగస్‌ జబ్బుగా పేరుపడింది. దీని బారినపడ్డవారు ప్రపంచంలో సుమారు 70 లక్షలు. వీరిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఎందుకంటే ఇది ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. సుమారు 30% మందిలో మాత్రం పది, ఇరవై ఏళ్ల తర్వాత గుండె కండరం దెబ్బతింటుంది. గుండె లయ తప్పుతుంది. ఆయాసం, కాళ్లవాపు మొదలవుతాయి. కొందరు హఠాత్తుగా కుప్పకూలిపోతారు.

ఈ నష్టాన్ని ముందే పసిగట్టటానికి మంచి పరీక్షలున్నాయి. ఈసీజీలో విద్యుత్‌ ప్రసార లోపాలు బయటపడతాయి. ఎకోలో గుండె గోడల కదలిక తెలుస్తుంది. షాగస్‌లో ఎడమ జఠరిక కొన పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అందులో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావొచ్చు. ఇక ఎంఆర్‌ఐలో గాడోలినియం మందు ఎక్కించి చూస్తే కండరంలోని మచ్చలు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. ఈసీజీ, ఎక్స్‌రే మామూలుగా ఉన్న కొందరిలోనూ ఇవి బయటపడుతుంటాయి.

అయితే అందరికీ ఎంఆర్‌ఐ చేసేస్తే సరిపోతుందా? సరిపోదనే నా అభిప్రాయం. ఖరీదైన యంత్రంలోంచి బయటికొస్తే చాలు, జబ్బు దానంతటదే దొరుకుతుందన్న భ్రమ మనలో బాగా పెరిగింది. షాగస్‌ రోగులకు ముప్పు ఎంతుందో లెక్కగట్టటానికి బ్రెజిల్‌ వైద్యులు 2006లో ఓ పాయింట్ల పద్ధతిని వెలువరించారు. అందులో ఆరు అంశాలే. రోగి మగా ఆడా, ఆయాసం ఎంత అన్నవి రెండు. మిగతా నాలుగూ ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో, 24 గంటల హోల్టర్‌తో తెలిసేవే. జిల్లా కేంద్రంలోనూ చేయదగ్గ పరీక్షలివి. ఎంఆర్‌ఐ విలువైనదే. కానీ అది వీటి తర్వాత, అనుమానం తీరనప్పుడు చేయాల్సింది.

అసలు లోపం యంత్రంలో లేదు, అడగని ప్రశ్నలో ఉంది. ఎకో చేసేవారికి షాగస్‌ అనుమానం ఉందని తెలియకపోతే జఠరిక కొనను ప్రత్యేకంగా వెతకరు. చిన్న ఉబ్బు కంటబడకుండా పోతుంది. ‘నార్మల్‌’ అని రిపోర్టు చేతికొస్తుంది. అందుకే ‘ఎక్కడ పుట్టారు? ఎక్కడెక్కడ ఉన్నారు?’ అన్న పైసా ఖర్చులేని ప్రశ్న ముందు రావాలి. అనుమానముంటే రక్తపరీక్షతో నిర్ధారించుకోవాలి. ఒకసారి ఎకో బాగుంటే జీవితాంతం బాగున్నట్టూ కాదు. ఏటా ఈసీజీ అయినా తీయించుకోవాలి.

ఆలస్యానికి మూల్యం తక్కువేం కాదు. అప్పటికే గుండె దెబ్బతిన్నవారికి బెంజ్‌నిడజోల్‌ మందు ఇచ్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. రక్తంలో పరాన్నజీవి తగ్గింది గానీ గుండె క్షీణించటం ఆగలేదు. అంటే బొమ్మలో మచ్చ కనిపించేదాకా ఆగితే మందుకు అదను దాటిపోయినట్టే.

మన దేశం ఈ జబ్బు వ్యాపించే ప్రాంతం కాదు. కానీ మన పిల్లలు వేల సంఖ్యలో ఉంటున్న టెక్సాస్‌లో ఈ పురుగులున్నాయి. అక్కడే సోకిన కేసులు కొన్ని నమోదయ్యాయి కూడా. భయపడాల్సినంత ముప్పు లేదు, జాగ్రత్త చాలు. అమెరికాలో 2007 నుంచి రక్తదాతల రక్తాన్ని షాగస్‌కు పరీక్షిస్తున్నారు. రక్తమిచ్చాక ‘పాజిటివ్‌’ అని ఉత్తరం వస్తే పక్కన పడేయొద్దు. తొలి పరీక్ష తప్పు కావొచ్చు కాబట్టి మరో రకం పరీక్షతో రూఢి చేసుకోవాలి. జబ్బు నిజమేనని తేలితే ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. సెలవులకు ఇంటికొచ్చి ఇక్కడి డాక్టరుకు చూపించుకుంటే, ఆ ఉత్తరాన్నీ ఫైల్లో పెట్టుకు వెళ్లాలి. చెప్పకపోతే ఇక్కడ ఆ అనుమానం ఎవరికీ రాదు.