ఎఱ్ఱగుడికి ఒక్కనాటి యాత్ర

గృహిణికి సెలవుదినమనునది ఏ పంచాంగమునను లేదు. కచేరీలకును బడులకును ఆదివారము సెలవు. వంటయింటికి మాత్రము ఆనాడే పని హెచ్చు. దూరయాత్రలకు ధనము చాలదనియు, దగ్గరలో చూడదగిన చోటు లేదనియు, ఉన్నను బయలుదేరుటకు చేయు సన్నాహముతోనే ప్రాణము విసిగిపోవుననియు సోదరీమణులు మాతో చెప్పుచుందురు. డోన్ పరిసరములయందలి కుటుంబములు ఉదయమున పోయి సాయంకాలమునకు తిరిగి రాదగిన పురాతన స్థలమొకటి కలదు. దానిని గూర్చియు, ఆ యాత్రను గృహిణికి భారము కాకుండ నడుపుకొను విధమును గూర్చియు ఈ నెల ముచ్చటింపదలచినాము.

ఇటలీ దేశమున క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము వెడలగ్రక్కిన బూడిదలో పాంపేయి యను రోమక నగరము మునిగిపోయినది. నేడు త్రవ్వి తీసిన ఆ వీధులలో జనులు ఉదయము మొదలు సాయంకాలము వరకు తిరిగి, ఆనాటి పొయ్యిలను, తిరుగళ్లను, మాడి బొగ్గైన రొట్టెలను చూచి వత్తురు. ఆ రోమకుల బంగారు నాణెములు మన సీమకును వచ్చినవి. 1932లో నంద్యాల యొద్ద వాని రాశి యొకటి దొరకినది. అయినను పాంపేయి కూలుటకు మూడువందల యేండ్లకు పూర్వమే చెక్కబడిన వ్రాత మనకు సమీపముననే యున్నదని మనలో ఎందరెరుగుదురు?

అది ఎఱ్ఱగుడి. గుత్తి నుండి పత్తికొండకు పోవు మార్గమున, గుత్తికి సుమారు 13 కిలోమీటరుల దూరమున, చిన్న కొండపై బండలమీద అశోక చక్రవర్తి శాసనములు కలవు. 1929 ప్రాంతమున అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని కనుగొని లోకమునకు తెలిపెను. పదునాలుగు పెద్ద శాసనములును, రెండు లఘుశాసనములును ఒక్కచోటనే యుండుట ఇచ్చటి విశేషము. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతము. ఆ చేరువనే జొన్నగిరి యున్నది. అశోకుని కాలపు సువర్ణగిరి యిదియే యని కొందరు పండితుల తలపు. తొలకరి వానలు కురియగానే ఆ పొలములలో వజ్రములకై వెదకు జనులు నేటికిని కనబడుదురు. వారిలో స్త్రీలును పెక్కురు.

రాళ్లపై రాజు వ్రాయించిన మాటలతో మనకేమి పని యని కొందరడుగవచ్చును. అశోకుని మొదటి శాసనము వంటయింటి ముచ్చటయే. పూర్వము రాజుగారి పాకశాలలో కూరకై దినమునకు లక్షల కొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లును ఒక లేడియు మాత్రమే చంపబడుచున్నవనియు, లేడి సయితము నిత్యము కాదనియు, ఇకమీదట ఆ మూడును చంపబడవనియు అందున్నది. రెండవ శాసనము మనుష్యులకును పశువులకును వైద్యము, ఓషధులను తెప్పించి నాటించుట, బాటల ప్రక్క బావులు త్రవ్వించుట, చెట్లు నాటించుట మొదలగువానిని చెప్పును. పండ్రెండవది పరమతమును నిందింపవలదని బోధించుచు, స్త్రీల వ్యవహారములు చూచుటకై నియమింపబడిన అధికారులను పేర్కొనును. పదుమూడవది కళింగ యుద్ధమున లక్షమంది చచ్చిరనియు, లక్షయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు రాజే పశ్చాత్తాపముతో పలికిన శాసనము. ఆంధ్రుల పేరును అందు కలదు.

మన సోదరీమణులు ముఖ్యముగ ఆలోచింపవలసినది తొమ్మిదవ శాసనము. రోగము వచ్చినపుడును, పెండ్లిండ్లయందును, బిడ్డలు పుట్టినపుడును, ప్రయాణమునకు బయలుదేరునపుడును జనులు శుభకర్మములు చేయుదురనియు, అందు స్త్రీలు చేయునవి పెక్కులనియు, అవి అల్పములు, నిష్ప్రయోజనములనియు రాజు పలికెను. ఈ మాట కొందరికి కష్టము తోచవచ్చును. బిడ్డకు జ్వరము వచ్చి, ఊరిలో మందు దొరకని తల్లి దిష్టి తీయక యేమి చేయును? ఓషధులను నాటించిన రాజునకు ఆ సంగతి తెలియనిది కాదు. కాని ఆయన అంతటితో నిలువలేదు. సేవకులయెడ మంచిగా వర్తించుట, పెద్దలను గౌరవించుట, ప్రాణులను హింసింపకుండుట, దానము చేయుట, ఇవియే ఫలమిచ్చు శుభకర్మములని చెప్పెను. కొట్టివేసిన దానికంటె చూపిన దారి పెద్దది. ఇంటిలో పనిచేయువారిని ఎట్లు చూచుచున్నామన్న ప్రశ్న నేటికిని పాతబడలేదు. మన యాత్ర ఏర్పాటును ఆ ప్రశ్నతోనే ఆరంభింతము.

సాధారణముగా మన యాత్రలెట్లు జరుగును? గృహిణి తెల్లవారుజామున మూడింటికి లేచి పదిరకములు వండును. అచ్చట చేరగానే నీడ వెదకి, చాప పరచి, మూటలకు కావలియుండి, అందరికిని వడ్డించి, పాత్రలు తోమి కట్టునప్పటికి ప్రొద్దు వాలును. తక్కినవారు చూచి వచ్చి, "బాగున్నది" అని చెప్పుదురు, ఆమె వినును. ఇది యాత్ర కాదు, వంటయింటిని ఊరిబయటికి మార్చుటయే. వండినవారు సయితము చూచి రావలయునన్నది మొదటి నియమముగా పెట్టుకొని తక్కిన ఏర్పాటులన్నియు దానికి లోబరచవలయును.

కార్తికము మొదలు మాఘము వరకు ఈ ప్రయాణమునకు తగిన కాలము. ఫాల్గుణము దాటినచో మన సీమ బండలపై కాలు నిలువదు. డోన్ నుండి గుత్తికి రైలుమార్గమును కలదు, ప్యాపిలి మీదుగా బెంగుళూరు రహదారియు కలదు. దారి మొత్తము సుమారు 60 కిలోమీటరులు. 2022లో జిల్లాలు మారిన పిదప డోన్ నంద్యాల జిల్లాలోను, గుత్తి అనంతపురము జిల్లాలోను, ఎఱ్ఱగుడి కర్నూలు జిల్లాలోను ఉన్నవి. ఒక్క దినములో మూడు జిల్లాలు తిరిగినట్లగును. రెండు మూడు కుటుంబములు కలిసి ఒక మోటారుబండి మాటలాడుకొన్నచో వ్యయము తగ్గును, వేళ మనచేతిలో నుండును. ఆరింటికి బయలుదేరినచో ఎండ ముదురకముందే చేరవచ్చును. ఏటవాలుగా పడు ఉదయపు వెలుతురులో చెక్కిన అక్షరములు తేటగా కనబడును. గుత్తికోటను ఆనాడే ఎక్కవలెనన్న ఆశ వలదు. అది వేరొకనాటి పని.

భోజనమునకు రెండే రకములు చాలును. జొన్నరొట్టెలు ముందునాటి సాయంకాలమే కాల్చి, ఆరిన పిదప గుడ్డలో చుట్టి పెట్టుకొనవలయును. వానికి చెనిక్కాయల పొడియు, ఎఱ్ఱగడ్డలును తోడు. రెండవది పెరుగన్నము. మెత్తగా వండిన అన్నము గోరువెచ్చనైన పిమ్మట పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక గరిటె మాత్రము కలిపినచో మధ్యాహ్నమునకు పులియక సరిగా తోడుకొనియుండును. పిల్లలకు బొరుగుల ఉండలు చాలును. విస్తరాకులు తీసికొనిపోయినచో పాత్రలు తోముపని తప్పును. తినిన ఆకులను మూటకట్టి తిరిగి తెచ్చుట మరువరాదు.

నీటి విషయమున అజాగ్రత్త కూడదు. ఈ మార్గముననే ముందున్న పత్తికొండలో 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో కలరాచే మరణించెను. గవర్నరునైనను చెడునీరు విడువదు. కాచి చల్లార్చిన నీరు మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండ ఇంటినుండియే తీసికొనిపోవలయును. కాలకృత్యములకు గుత్తిలోనే వసతి చూచుకొనుట స్త్రీలకు మంచిది. కొండయొద్ద దొరకునని నమ్మి పోరాదు. అందుకు జంకి నీరు త్రాగుట మానుకొనుట ఆరోగ్యమునకు కీడు.

పనుల పంపకము బయలుదేరకముందే జరుగవలయును. నీటిపాత్రలు మగవారివి, విస్తళ్లు వేయుట, ఎత్తుట పెద్దపిల్లలవి, మూటల కావలి గంటకొకరు వంతున. ఇంటిలో పనిచేయు అమ్మాయిని మూటలు మోయుటకని పిలుచుకొనిపోవుట తగదు. ఆమెకు ఆనాడు జీతము తగ్గింపక సెలవీయుడు. లేదా ఆమెకు ఇష్టమైనచో తోడు తీసికొనిపోయి, మనతోపాటు పంక్తిలో కూర్చుండబెట్టుకొని, మనము చూచినవన్నియు ఆమెకును చూపుడు. తొమ్మిదవ శాసనము చదువబోవువారికి ఇంతకంటె తగిన ఆరంభము లేదు.

పిల్లలు రాళ్లను చూచి విసుగు చెందకుండ ముందునాటి రాత్రి నాలుగు బ్రాహ్మీ అక్షరములు పలకపై వ్రాసి చూపుడు. 'క' అనునది కూడిక గుర్తువలె నుండును; 'గ' ఇంటికప్పువలె రెండు వాలుగీతలు; 'న' తలక్రిందులైన త్రాసుకాడవలె అడ్డగీతపై నిలువుగీత; 'ఠ' సున్న. మన తెలుగక్షరములకు మూలము ఈ లిపియే. మరచిపోబడిన ఈ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివెను. కొండపై 'క'లు ఎన్ని కనబడునో లెక్కింపుడని పందెము పెట్టినచో పిల్లలే పెద్దలను నడిపింతురు. లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. చేను దున్ను ఎద్దులు చాలు చివర మరలినట్లని చెప్పినచో రైతుబిడ్డలకు వెంటనే బోధపడును.

శాసనముల తెలుగు తాత్పర్యము ఒక కాగితముపై వ్రాసికొనిపోయి, బండయొద్ద నిలిచి ఒకరు చదువగా తక్కినవారు వినవలయును. అక్షరములపై నీళ్లు పోయుట, సున్నపుబలపముతో దిద్దుట, పసుపు కుంకుమలు పూయుట, పేర్లు గీయుట ఎంతమాత్రము కూడదు. అట్టి పనులకు 1958 చట్టము శిక్ష విధించుచున్నది. శిక్షకు భయపడి మాత్రమే గాక, రెండువేల రెండువందల యేండ్లకు పైగా ఎండవానలకోర్చి నిలిచినది మనచేత చెడరాదన్న తలంపుతో మానవలయును. తల్లి చేయి ఆగినచో బిడ్డచేయి తానే ఆగును.

మధ్యాహ్నము భోజనమైన పిదప అరగంట నీడను కూర్చుండి, చూచినదానిని గూర్చి ఒక్కొక్కరు ఒక్కమాట చెప్పవలయును. రాజుగారు స్త్రీల కర్మములను అల్పములనుట న్యాయమా యని అత్తలును కోడండ్రును వాదించుకొనినను మంచిదే. మూడింటికి బయలుదేరినచో దీపములవేళకు ఇల్లు చేరవచ్చును. ఆ రాత్రికి పొయ్యి వెలిగింపవలదు. మిగిలిన రొట్టెలును మజ్జిగయు చాలును. ఈ శీతకాలమున పోయివచ్చిన సోదరీమణులు తమ ఏర్పాటులలో కుదిరినదేదియో, కుదరనిదేదియో మాకు వ్రాసిరేని, పై సంవత్సరము పోవువారికి ఉపకరించునట్లు ఈ పుటలలో తెలియజేయుదుము.